బల్ల మీద వేరే గ్లాసు

షికాగో,
నవంబరు 9, 1983

తెలుగు సంఘం కార్యదర్శి ఆమోసు గారికి,

నా పేరు పులిపాక దీవెనమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో పాస్‌పోర్టులో రాసినది మా అల్లుడి ఊహ. నేనుండేది కూతురు వసంతకుమారి ఇంట్లో. అది బ్యాంకులో పనిచేస్తుంది. అల్లుడు రత్నరాజు రంగుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మనవరాలు ప్రేమజ్యోతి ఏడో క్లాసు. ఇంట్లో ఇంతమందిమి. నాకు చదువు లేదు. ఈ ఉత్తరం రాస్తున్నది మా పై అంతస్తులో కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న నల్గొండ యాదయ్య గారు. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. హిందువు. మన సంఘంలో ఏ పక్షమూ లేనివాడు. అందుకే ఆయన్ని పిలిచాను.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు "అలాగే పెద్దమ్మా" అంటావు, పెట్టేశాక మర్చిపోతావు. కాగితమైతే కమిటీలో చదవాలి. చదువు.

నా సంగతి ఇది. ఎండాకాలం చివర్లో నాకు దగ్గులో నెత్తురు పడింది. పరీక్షలు చేసి క్షయ అన్నారు. కొన్నాళ్ళు ఆసుపత్రిలో పెట్టారు, తర్వాత ఇంట్లోనే ఒక గదిలో ఉంచారు. సిటీ ఆరోగ్యశాఖ నర్సు, డోలన్ అనే ఆవిడ, మా మెట్లెక్కి వచ్చి నా చేత మాత్రలు మింగిస్తుంది. మింగాక నోరు తెరవమంటుంది, నాలుక ఎత్తమంటుంది. నన్ను కన్నతల్లి కూడా నా నోట్లోకి అంతలా చూడలేదు. మొదట్లో తిట్టాను. తెలుగులో తిట్టాను కాబట్టి నవ్వి, మర్నాడు మళ్ళీ వచ్చింది. అక్టోబరులో నా తెమడ పరీక్షించి, ఇక నీ నుంచి ఎవరికీ అంటదు, చర్చికి వెళ్ళు, బజారుకి వెళ్ళు అని కాగితం రాసిచ్చింది. మాత్రలు మాత్రం వేసవి వచ్చే దాకా ఆపకూడదట.

మొన్న ఆదివారం ప్రభు భోజనానికి వచ్చాను. అందరితో పాటు బల్ల ముందు మోకరించాను. పాదిరి గారు గిన్నె పట్టుకుని వరసగా వస్తున్నారు. నా పక్కన నీ భార్య లూసీ తాగింది. తర్వాత గిన్నె నన్ను దాటి అవతలి మనిషి దగ్గరికి వెళ్ళింది. వెనక నుంచి నువ్వొచ్చావు. పక్కన మూత పెట్టి ఉంచిన చిన్న గ్లాసు నా చేతిలో పెట్టి, "తీసుకో పెద్దమ్మా" అన్నావు. నేను మోకాళ్ళ మీద ఉన్నాను కాబట్టి తాగాను. నిలబడి ఉంటే తాగేదాన్ని కాదు.

నేను అడిగేది ఒకటే. అందరూ తాగే గిన్నె నాకూ ఇవ్వాలి. ఇవ్వం అంటారా, ఎందుకివ్వరో కాగితం మీద రాయాలి.

ఇంకో మాట. ఇది కమిటీకి కాదు, నీకు. నాతో దగ్గరగా మసిలిన వాళ్ళ పేర్లు చెప్పమని నర్సు అడిగింది. ఇంట్లో వాళ్ళ తర్వాత నీ పేరే చెప్పాను. మా అల్లుడికి ఆదివారం డ్యూటీ కాబట్టి ఏడాదిగా నన్ను చర్చికి తీసుకెళ్ళింది నువ్వే, కారు అద్దాలన్నీ బిగించుకుని. మా ఇంట్లో అందరూ జబ్బు అంటిందేమోనని చేతికి సూది పరీక్ష చేయించుకున్నారు, అంటితే ఆ చోట చెయ్యి వాస్తుందట. నువ్వు చేయించుకున్నావా?

వసంతకుమారిని సంతకం పెట్టమన్నాను. "నన్ను ఇందులోకి లాగకమ్మా, రేపు వాళ్ళ మొహాలు నేను చూడాలి" అంది. సరే. నా వేలిముద్ర చాలు.

దీవెనమ్మ వేలిముద్ర

(రాసినవాడు యాదయ్య. అమ్మ చెప్పింది చెప్పినట్టే రాసిన. నడుమ ఒక్క ముక్క నాది లేదు. నా మీద గుస్సా కావద్దు.)


షామ్‌బర్గ్,
నవంబరు 22, 1983

గౌరవనీయులైన దీవెనమ్మ గారికి,

ప్రభువు పేరిట వందనాలు. మీ ఉత్తరం అందింది. కమిటీలో చదివాను. మీరు కోలుకున్నందుకు అందరూ దేవునికి స్తోత్రం చెల్లించారు.

మీకు వేరే గ్లాసు ఇవ్వడంలో ఎవరి మనసులోనూ చెడు ఉద్దేశం లేదని గ్రహించాలి. అధ్యక్షులు డాక్టర్ దేవకుమార్ గారు ఆరోగ్య దృష్ట్యా చేసిన సూచన అది. సంఘంలో పసిపిల్లల తల్లులున్నారు. వారి భయం కూడా మనం చూడాలి.

ఇది మనం కనిపెట్టిన పద్ధతి కాదు. ఇక్కడి లైబ్రరీలో చదివాను. ఈ శతాబ్దం మొదట్లో ఈ దేశపు నగరాల్లో క్షయ విపరీతంగా ఉండేది. రైల్వే స్టేషన్లలో, బడుల్లో, వీధి కొళాయిల దగ్గర ఒక రేకు గ్లాసు గొలుసుతో కట్టి ఉండేదట. దారినపోయే వాళ్ళంతా దానితోనే తాగేవారు. ఆరోగ్యశాఖ వాళ్ళు ఆ గ్లాసులు తీయించేశారు. ఎక్కడపడితే అక్కడ ఉమ్మితే శిక్ష వేశారు. నర్సులు పేదవాళ్ళ మేడలన్నీ ఎక్కి దిగి, కిటికీలు తెరవమని చెప్పి, రోగుల్ని వెతికి పట్టుకున్నారు. అలాంటి జాగ్రత్తల వల్లే జబ్బు తగ్గింది. మన సంఘం చేసినదీ ఆ కోవలోదే.

చలి ముదురుతోంది. చెవులకు ఉన్ని గుడ్డ కట్టుకోండి. ఆదివారం యథాప్రకారం కారు తెస్తాను.

మీ విధేయుడు,
ఆమోసు


షికాగో,
డిసెంబరు 12, 1983

ఆమోసుకి,

నీ ఉత్తరం యాదయ్య గారు రెండుసార్లు చదివారు. నేను రెండు ప్రశ్నలడిగాను. ఒకదానికి జవాబు రాశావు. చెయ్యి చూపించావా అన్నదానికి ఉన్ని గుడ్డ కట్టుకోమన్నావు.

దేవకుమార్ గారు చెప్పారన్నావు. ఆయన కళ్ళ డాక్టరు. నా కంట్లో శుక్లాలొస్తే ఆయన మాట వింటాను. ఈ జబ్బు సంగతి నర్సుని అడిగాను. ప్రేమజ్యోతి మధ్యలో ఉండి అటూ ఇటూ చెప్పింది. దాని తెలుగు నీకు తెలుసుగా, "అమ్మమ్మా, నర్స్ చెప్తుంది, కప్‌లో రాదు, ఎయిర్‌లో వస్తుంది" అంది. దగ్గితే వస్తుందట, గొంతెత్తి పాడితే వస్తుందట. మరి జబ్బు లోపల ఉన్నన్నాళ్ళూ నేను మీ అందరి మధ్యా కూర్చుని గొంతెత్తి పాడాను. అప్పుడు ఎవరికీ భయం లేదు. జబ్బు పోయాక గ్లాసు వేరు చేశారు. ఊపిరి కూడా వేరు చేయగలిగితే చేయండి.

నువ్వు రాసిన గొలుసు గ్లాసు కథ బాగుంది. ఒక్క సంగతి విడిచిపెట్టావు. ఆ గొలుసులు తెంచినప్పుడు ఊళ్ళో అందరికీ తెంచారా, ఒక్క ముసలిదానికి తెంచారా? అందరికీ చిన్న గ్లాసులు పెట్టండి, నేనూ చిన్న గ్లాసుతోనే తాగుతాను. కిక్కురుమనను.

వేరే గ్లాసంటే ఏమిటో నీకు తెలియదని నేను అనుకోను. రేపల్లె రోడ్డు మీద కాఫీ హోటలు నీకు గుర్తుండాలి. లోపల బల్లల మీద కూర్చునే వాళ్ళకి ఇత్తడి గ్లాసులు. మన మాలపల్లె వాళ్ళకి బయట చూరులో దోపిన సత్తు గ్లాసు. తాగి, మనమే కడిగి, మళ్ళీ చూరులో దోపి పోవాలి. నా మొగుడు దానితో తాగాడు. మీ నాన్న దానితో తాగాడు. నువ్వు ఆయన చెయ్యి పట్టుకుని పక్కన నిలబడి ఉన్నావు, చెడ్డీ జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని.

ఆ రోజుల్లో అందరితో కలిపి మనకి దొరికింది ఒక్కటే గిన్నె. బాప్తిస్మం పుచ్చుకున్న కమ్మ పంతులు గారొకాయన మొదటిసారి బల్ల దగ్గరికి వచ్చి, మా అమ్మ తాగిన తర్వాత అదే గిన్నె అందుకున్నాడు. తుడవలేదు. మా అమ్మ ఇంటికొచ్చి సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగలేదు, నోట్లో ఆ రుచి పోతుందని.

ఇది కూడా కమిటీలో చదువు.

దీవెనమ్మ వేలిముద్ర

(యాదయ్య రాసిన. మా దిక్కు హోటళ్ళల్ల గూడ గసువంటి గ్లాసులు ఉండేటియి. నేను లోపల కూసొని తాగినోణ్ణే. ఇది రాయమని అమ్మ చెప్పలేదు.)


షామ్‌బర్గ్,
జనవరి 8, 1984

దీవెనమ్మ గారికి వందనాలు.

క్రిస్మస్ హడావుడిలో జవాబు ఆలస్యమైంది. మన్నించాలి.

హోటలు గురించి మీరు రాసిన భాగం కమిటీలో చదవలేదు. చదవలేను. మీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను. ఇక్కడ నన్ను ఇంజనీరుగా ఎరుగుదురు, సంఘం కార్యదర్శిగా ఎరుగుదురు. మా నాన్న ఏ గ్లాసుతో తాగాడో ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. నా పిల్లలకి ఆ మాటే తెలియదు. తెలియకుండా పెంచుకుందామనే కదా ఇంత దూరం వచ్చి ఈ మంచులో పడి ఉన్నాం. దాన్ని మీరు మళ్ళీ బల్ల మీదికి ఎందుకు తెస్తారు?

ఇంకో సంగతి మీకు చెప్పకూడదనుకున్నాను. మీకు పాత గిన్నె ఇస్తే నాలుగు కుటుంబాలు సంఘం మానేస్తామన్నాయి. అందరికీ చిన్న గ్లాసులంటే, గిన్నె మన తాతల నాటి ఆచారం, మార్చొద్దని అదే నాలుగు కుటుంబాలు అన్నాయి. నేనేం చేయను? ఒక్కరు సర్దుకుంటే సంఘం నిలుస్తుంది. మీరు పెద్దవారు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను.

సూది పరీక్ష సంగతి. నాకు చిన్నప్పుడు బడిలో బీసీజీ టీకా వేశారు. దాంతో నాకు ఆ జబ్బు రాదు. పరీక్ష చేసినా టీకా వల్ల చెయ్యి ఎలాగూ వాస్తుంది, దానికి అర్థం ఉండదు. ఆ నర్సుకి ఫోన్‌లో అదే చెప్పాను.

కాస్త పడిశంగా ఉంది. రెండు మూడు ఆదివారాలు కారు తేలేను. మన సంఘంలోని శ్యామ్‌సుందర్ మిమ్మల్ని తీసుకొస్తాడు.

ఆమోసు


షికాగో,
జనవరి 19, 1984

ఒరే ఆమోసూ,

కమిటీ కాగితం కాదిది. యాదయ్య గారికి కూడా చెప్పాను, ఇది నీకూ నాకూ మధ్య, రాసి మర్చిపొమ్మని. సరేనన్నాడు.

లూసీ నిన్న ఫోన్ చేసింది. పడిశం అని నువ్వు రాశావు. లూసీ మాత్రం దీపావళి టపాకాయల నాటి నుంచీ దగ్గు అంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోందంది. తెల్లారేసరికి చొక్కా తడిసిపోతోందంది. బెల్టుకి మేకుతో కొత్త కన్నం పెట్టుకున్నావట. చెబుతూ ఏడ్చింది.

ఈ దారంతా నేను నడిచొచ్చిందే. నాకూ మొదట పడిశమే అన్నారు. మిరియాల పాలు తాగాను.

టీకా సంగతి నర్సుని అడిగాను. పసిపిల్లలకి అది మంచిదేనట, నలభై దాటిన వాడిని అది కాస్తుందని నమ్ముకోకూడదట. చెయ్యి వాస్తే ఊపిరితిత్తులకి ఫోటో తీస్తారు. ఫోటోకి టీకాతో పని లేదు. మీ డాక్టరు దేవకుమార్ గారికి తెలుస్తుందనే కదా నీ భయం? ఆవిడ ఎవరి పేరూ ఎవరికీ చెప్పదు. నా పేరు సంఘానికి చెప్పింది ఆవిడ కాదు, నా నోరే.

నీకు ఇద్దరు పిల్లలు. చలికి కిటికీలన్నీ బిగించుకుని ఉంటారు.

విను. నీతో ఒక బేరం. నువ్వు వెళ్ళి చెయ్యి చూపించు. చూపించిన రోజు నుంచి నా గ్లాసు గురించి నేను నోరెత్తను. మీరు మూత పెట్టిన గ్లాసు ఇస్తే అది తీసుకుంటాను, చివర్న మోకరించమంటే చివర్న మోకరిస్తాను. కమిటీకి రాసిన రెండు ఉత్తరాలూ పొయ్యిలో పెట్టు. నువ్వు అడిగావు కదా, ఒక్కరు సర్దుకోమని. సర్దుకున్నాను. ఇప్పుడు నువ్వు లే.

దీవెనమ్మ వేలిముద్ర


షామ్‌బర్గ్,
జనవరి 30, 1984

పెద్దమ్మా,

చూపించాను. చెయ్యి వాచింది. ఫోటో తీశారు. కుడి వైపు పైన మచ్చ ఉందన్నారు. రేపు ఆసుపత్రికి వెళ్తున్నాను.

పిల్లల్ని కూడా పరీక్ష చేశారు. పాపకి ఏమీ లేదు. బాబుకి చెయ్యి వాచింది కానీ ఫోటో శుభ్రంగా ఉంది. ముందు జాగ్రత్తకి వాడికీ మాత్రలిస్తున్నారు. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోయాడు, లూసీ వద్దంది.

ఆమోసు


షికాగో,
ఫిబ్రవరి 20, 1984

ఆమోసూ,

ఇంటికొచ్చావని లూసీ చెప్పింది. గదిలో ఒక్కడివే ఉండాలంటే నీకు పిచ్చెక్కుతుందని తెలుసు. నాకూ ఎక్కింది. గోడకి ఉన్న పువ్వులన్నీ చూసీ చూసీ ఒక్కో దానికి మన ఊరి వాళ్ళ పేర్లు పెట్టాను. నీ గోడకి పువ్వులుంటే మీ నాన్న పేరు ఒకదానికి పెట్టు.

మాత్రలతో ఒంట్లోంచి వచ్చే నీళ్ళు ఎర్రగా ఉంటాయి. నెత్తురనుకుని భయపడకు. నాకెవరూ ముందు చెప్పలేదు, ఇల్లంతా లేపాను. దగ్గు తగ్గింది కదా అని మాత్రలు మానేయకు. నర్సు నాలుక ఎత్తమంటే ఎత్తు. కార్యదర్శినని చెప్పకు.

ఈ నెల మొదటి ఆదివారం ప్రభు భోజనంలో నా గ్లాసుతో నేను తాగాను. మూత నేనే తీశాను. నోరెత్తలేదు.

దీవెనమ్మ వేలిముద్ర

(యాదయ్య: నోరెత్తలేదు గని, ఇంటికొచ్చి గిన్నెలన్నీ తోమింది. తోమినయే మల్ల తోమింది. ఆమె కూతురు చెప్పింది.)


షామ్‌బర్గ్,
ఏప్రిల్ 5, 1984

పెద్దమ్మా,

నీకు ఉత్తరంలో "మీరు" అని రాయడం మానేశాను, గమనించావో లేదో. చదివి వినిపించేటప్పుడు యాదయ్య గారు గమనించే ఉంటారు.

నిన్న నర్సు కాగితం ఇచ్చింది. ఇక నా నుంచి ఎవరికీ అంటదు, ఆఫీసుకి వెళ్ళొచ్చు, చర్చికి వెళ్ళొచ్చు. ఆ కాగితం నకలు నేనే కమిటీకి పంపాను. కార్యదర్శిని కదా.

సాయంత్రం దేవకుమార్ గారు ఫోన్ చేశారు. చాలా ప్రేమగా మాట్లాడారు. "బ్రదర్, ఏమీ అనుకోకండి, మీకు కూడా ఒక గ్లాసు ఏర్పాటు చేశాం, మీకు ఈ రూల్ తెలుసు కదా" అన్నారు. తెలుసు అన్నాను. ఆ రూలు మినిట్స్ పుస్తకంలో నా చేత్తోనే రాశాను.

ఫోన్ పెట్టేశాక వంటింట్లో కూర్చున్నాను. మా బాబు వచ్చి, "నాన్నా, వై ఆర్ యూ సాడ్?" అన్నాడు. వాడికి హోటలు సంగతి చెప్పాను. చూరు సంగతి, తాత సంగతి. వాడు అంతా విని, "బట్ హూ వాష్డ్ ఇట్?" అన్నాడు. తాతే కడిగేవాడని చెప్పాను. వాడు నా పక్కనే కూర్చున్నాడు.

ఈ నెల పంతొమ్మిది గురువారం, అంటే మంచి శుక్రవారం ముందు రోజు, ప్రభు భోజనం ఉంది. నేను రాలేను పెద్దమ్మా. నీకు ఆ గ్లాసు ఇచ్చింది ఈ చేత్తోనే. ఇప్పుడు ఇంకొకరు నాకు ఇస్తుంటే అందుకోలేను. లూసీ, పిల్లలు వస్తారు. నేను ఇంట్లో ప్రార్థన చేసుకుంటాను.

ఆమోసు


షికాగో,
ఏప్రిల్ 12, 1984

తెలుగు సంఘం కమిటీ అధ్యక్షులు డాక్టర్ దేవకుమార్ గారికీ, సభ్యులందరికీ,
కార్యదర్శి ఆమోసు ద్వారా. ఆమోసూ, దీన్ని పొయ్యిలో పెట్టకు. నకలు పాదిరి గారికి విడిగా పంపాను.

పులిపాక దీవెనమ్మ చెప్పి రాయించినది.

నా గ్లాసు గురించి నోరెత్తనని జనవరిలో ఆమోసుకి మాటిచ్చాను. అతను తన వంతు చేశాడు. నేను నా వంతు చేస్తున్నాను. ఫిబ్రవరిలో, మార్చిలో, ఏప్రిల్లో మీరిచ్చిన గ్లాసుతోనే తాగాను. ఈ ఉత్తరంలో నా గ్లాసు ప్రసక్తి లేదు. ఇది ఆమోసు గ్లాసు గురించి. దాని గురించి నేను ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు.

ఆమోసుకి ఈ జబ్బు వచ్చింది గిన్నెలో కాదు. నా పక్కన కారులో కూర్చుని వచ్చింది. నడవలేని ముసలిదాన్ని ప్రభువు బల్ల దగ్గరికి తీసుకొచ్చే పనిలో వచ్చింది. మీలో కార్లున్న వాళ్ళు చాలామంది ఉన్నారు. తీసుకొచ్చింది అతను. అతనికి మీరు మూత పెట్టిన గ్లాసు పెడతారు.

అతని నుంచి ఎవరికీ అంటదని ఆరోగ్యశాఖ కాగితం మీ దగ్గరుంది. ఇంకా అనుమానముంటే నర్సు డోలన్ గారు ఆదివారం చర్చికి వచ్చి చెబుతానన్నారు. ప్రశ్నలడగండి. ఆవిడ ఓపికగల మనిషి, నా తిట్లు తిన్నది. ఎవరికైనా దగ్గు ఉంటే ఆవిడకి చెయ్యి చూపించండి. గ్లాసులు వేరు చేసేకొద్దీ దగ్గున్న వాడు దాన్ని దాచుకుంటాడు. ఆమోసు అలాగే దాచాడు. అతను దాచిన రోజులన్నీ మీ పిల్లల మధ్యే కూర్చున్నాడు. అది మీరు ఆలోచించుకోండి.

వచ్చే గురువారం బల్ల దగ్గర నేను చేయబోయేది ముందే చెబుతున్నాను, తర్వాత ఎవరూ ఆశ్చర్యపడకుండా. ఆమోసు వస్తాడు. రానంటున్నాడు, వస్తాడు. అతను, నేను పక్కపక్కనే మోకరిస్తాం. చివర్న కాదు, వరస మధ్యలో. పాదిరి గారు గిన్నె అతనికి ఇవ్వాలి. అతను తాగాక, తుడవకుండా నాకివ్వాలి. అతను పెదవి పెట్టిన చోటే నేను పెదవి పెడతాను. ఆ తర్వాత గిన్నె పక్క వాళ్ళకి అందిస్తారో, అక్కడే ఆపి లోపల పెట్టుకుంటారో మీ ఇష్టం. ఇది కుదరదంటే అందరికీ చిన్న గ్లాసులు తెప్పించండి. అందరివీ ఒకేలా ఉండాలి. మూతలు ఉండకూడదు.

సంఘం విడిచి పోతామన్న వాళ్ళకి ఒక మాట. పోవద్దు. మీరు పోతే నాకు పాడేటప్పుడు రెండో చరణం అందించే వాళ్ళుండరు.

చెప్పవలసింది అయిపోయింది. యాదయ్య గారు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది.

పులిపాక దీవెనమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర

రాసినవాడు: యాదయ్య, నల్గొండ. ఆ గిన్నెతోని నాకు పని లేదు. అమ్మ మాటకు సాక్షి.

సాక్షి: లూసీ, ఆమోసు భార్య. పెద్దమ్మ తర్వాత గిన్నె నాకివ్వండి.

సాక్షి: వసంతకుమారి, దీవెనమ్మ కూతురు. లూసీ తర్వాత నాకు.